తరువాతి జన్మ గడి

ఆవిడని ఎదురుగా మేడమ్ అనేవాళ్ళు, వెనకాల కార్డులమ్మ అనేవాళ్ళు. వెనకాల మాట ఆవిడ చెవిన పడకపోలేదు. పడినా పట్టించుకోలేదు, ఎందుకంటే అందులో అబద్ధమేమీ లేదు. టిబెట్ మీద పరిశోధన చేసే ఆ సంస్థ లైబ్రరీలో చేరిన నాటి నుంచీ ఆవిడ చేసిందల్లా కార్డులు రాయడమే. పుస్తకం వస్తుంది. దాని పేరు, రచయిత పేరు, ఆయన పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం గుండ్రటి అక్షరాలతో రాస్తుంది. కార్డు అడుగున ఉన్న చిల్లులోంచి ఇనప కడ్డీ దూర్చి సొరుగు మూసేస్తుంది. ఆ గది నేలమాళిగలో ఉండేది. గోడల పొడుగునా మనిషెత్తు చెక్క సొరుగులు, మధ్యలో ఒక బల్ల, రోడ్డు మీద నడిచేవాళ్ళ పాదాలు మాత్రమే కనిపించే కిటికీ. ఆ వీధిలో ఎవరు కొత్త చెప్పులు కొన్నా ముందు తెలిసేది ఆవిడకే.

టిబెటన్ భాష ఆవిడకి వచ్చా అంటే, వచ్చీ రానట్టు వచ్చు. పైన ఉన్న పేరు కూడబలుక్కుని చదువుతుంది, లోపలికి వెళ్తే నేనెరగను బాబూ అంటుంది. అవి మామూలు పుస్తకాల్లా కుట్టినవి కూడా కావు. పొడుగాటి విడి ఆకులు. రెండు చెక్కల మధ్య పెట్టి, గుడ్డ చుట్టి, తాడు కట్టేస్తారు. ఒక మూట చెయ్యి జారి విడిపోయిందంటే, దాన్ని మళ్ళీ వరసలో పేర్చేసరికి పేర్చేవాడికి నెత్తి నెరుస్తుంది.

అలా జారిన మూటల్ని పేర్చి, చిరిగిన ఆకుల్ని అతికించే బైండరే ఆవిడ భర్త. పక్క గదే. రోజుకి పది మాటలు మాట్లాడితే అందులో ఆరు జిగురు గురించే ఉండేవి. అలాంటి మనిషికి జీవితంలో ఒక్క అనుమానం వచ్చింది. పక్క అరలో ఉన్న మిగతా పుస్తకాలన్నీ పురుగులు జల్లెడ చేసేస్తున్నాయి, ఈ టిబెటన్ ఆకుల్ని మాత్రం ముట్టుకోవేం? కనపడిన ప్రతివాణ్ణీ అడిగి, ఆ కాగితాన్ని ఒక విషపు మొక్క వేరుతో చేస్తారనీ, ఆ విషమే పురుగుల్ని దగ్గరికి రానివ్వదనీ తెలుసుకుని, ఎనిమిది పేజీల వ్యాసం రాశాడు. సంస్థ పత్రికలో వేశారు. ఆ సంచికతోనే ఆ పత్రిక ఆగిపోయింది. అందులో ఆయన తప్పేమీ లేదు గానీ, ఎవరైనా పత్రిక మాట ఎత్తితే మాత్రం ఆయన తలవంచుకునేవాడు.

అప్పట్నుంచీ రోజూ సాయంత్రం ఇద్దరూ నడిచి ఇంటికి వెళ్తుంటే ఆయన అడిగే ప్రశ్న ఒక్కటే.

"ఎవరైనా అడిగారా?"

అంటే, ఆ సంచిక కావాలని కౌంటరు దగ్గరికి ఎవరైనా వచ్చారా అని.

"ఇంకా లేదండీ" అనేది ఆవిడ.

వాళ్ళతోనే ఉండే ఆడపడుచు ఇది విని విని విసిగిపోయింది. ఆవిడ బడిలో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైంది. మాట్లాడితే మైదానం అవతలి మూలకి కూడా వినపడాలన్నట్టు మాట్లాడుతుంది. "ఎవడో అడిగాడని ఒక్కసారి చెప్పు వదినా, నీ సొమ్మేం పోయింది?" అనేది. నిజమే, ఏం పోయేది కాదు. కానీ కార్డు మీద ఒక్క అంకె తప్పు రాయని మనిషికి నోటితో అబద్ధమాడటం కూడా చాతకాలేదు. అలా అడుగుతూ అడుగుతూనే ఒకనాడు ఆ బైండరు గుండె ఆగి పోయాడు. అప్పటిదాకా ఎవరూ అడగలేదు.

ఆయన పోయిన రెండేళ్ళకి సంస్థకి కార్డులంటే నామోషీ పుట్టుకొచ్చింది. టిబెట్ గురించి ఎవరు ఏ దేశంలో ఏం రాసినా, కావలసినవాడు తన ఇంట్లో కూర్చుని వెతుక్కునేలా ఆన్‌లైన్ గ్రంథసూచి పెట్టాలని కమిటీ తీర్మానించింది. సొరుగుల్లోని కార్డులన్నీ కంప్యూటరులోకి ఎక్కించే పని ఆవిడ మీద పడింది. వయసు మీద పడ్డాక ఈ కొత్త చదువేమిటని ఆవిడ గొణుగుతుందని అందరూ అనుకున్నారు. ఆవిడ ఎగిరి గంతేసినంత పని చేసింది.

"మీ అన్నయ్య పేరు కొడితే ఆ ఎనిమిది పేజీలు తెర మీదికి రావాలి. కౌంటరు దాకా ఎవరూ రాకపోతే పోయె, ఇప్పుడు వాళ్ళ ఇళ్ళకే మనం వెళ్తాం" అంది ఆ రాత్రి ఆడపడుచుతో. "నేను రిటైరయ్యేలోగా ఆ ఒక్కటీ అయితే నాకింకేమీ అక్కర్లేదు."

"రేపే ఎక్కించెయ్!"

"సొంత మొగుణ్ణి ముందు ఎక్కిస్తే నలుగురూ నవ్వరూ? అందరి తర్వాత."

ఆ మర్యాదే ఆవిడ కొంప ముంచింది.

సాఫ్ట్‌వేరు రాసినవాడు డైరెక్టరు గారి బావమరిది. అంతకుముందు అతను లాండ్రీలకి బిల్లులు వేసే ప్రోగ్రాములు రాసేవాడు. అందుకే మొదట్లో కొన్నాళ్ళు ఏ పుస్తకం ఎక్కించినా "మీ బట్టలు శుక్రవారానికి సిద్ధం" అని తెర మీద వచ్చేది. మనిషి మాత్రం మంచివాడు. ఏది అడిగినా "అయిపోతుందండీ" అనేవాడు.

ఫారంలో ఏమేం గడులుండాలో చెప్పే బాధ్యత ఫుట్‌నోట్ గారికి అప్పగించారు. ఆయన సంస్థలో అందరికంటే పెద్ద ప్రొఫెసరు. ఏ మాట చెప్పినా దానికింద ఇంకో మాట చేర్చందే తిన్నది అరగదు, అందుకే ఆ పేరు.

"చూడు నాయనా, లామాల్లో ఒకే పేరుతో వరసగా నలుగురైదుగురు రచయితలుంటారు" అన్నాడు ఆయన బావమరిదితో. "ఒకాయన పోతే, ఆయనే మళ్ళీ పుట్టాడని ఒక పిల్లాణ్ణి గుర్తిస్తారు. ఆ పిల్లాడికీ అదే పేరు. ఎవరి తరువాతి జన్మ ఎవరో రాయకపోతే ఏ పుస్తకం ఎవరిదో తేలి చావదు. కాబట్టి తరువాతి జన్మ అనే గడి తప్పనిసరి. తప్పనిసరి అని ఎందుకంటున్నానంటే..."

ఎందుకంటున్నాడో ఇంకో గంట చెప్పాడు. బావమరిది మొదటి తప్పనిసరి దగ్గరే లేచి వెళ్ళి ఆ గడి పక్కన ఎర్రచుక్క పెట్టేశాడు. ఎర్రచుక్క ఉందంటే, అది నింపందే రికార్డు సేవ్ కాదు. లామాలకే కాదు, పుస్తకం రాసిన ప్రతి మనిషికీ.

బతికున్నవాళ్ళతో పేచీ లేదు. "ఇంకా ఉన్నారు" అని ఒక బొత్తాం పెట్టాడు, అది నొక్కితే సరి. పోయినవాళ్ళతోనే వచ్చింది చావు. పోయిన సంవత్సరం వెయ్యగానే ఒక జాబితా కిందికి దిగుతుంది. అందులో ఆ ఏడు గానీ ఆ తర్వాత గానీ పుట్టి, అప్పటికే గ్రంథసూచిలోకి ఎక్కిన రచయితల పేర్లుంటాయి. వాళ్ళలో ఒకర్ని ఎంచాలి.

లామాలు నున్నటి రోడ్డు మీద బండిలా సాగిపోయారు. ఆ తర్వాత కార్డులమ్మ చేతికి ఒక ప్రొఫెసరు కార్డు వచ్చింది. కోటూ టై కట్టుకుని టిబెటన్ వ్యాకరణం రాసి, ముసలితనంలో ఆస్పత్రిలో పోయిన మనిషి. తరువాతి జన్మ? ఆవిడ గీత పెట్టింది, ఒప్పుకోలేదు. తెలియదు అని కొట్టింది, ఒప్పుకోలేదు. బావమరిదికి ఫోన్ చేసింది.

"బాబూ, ఈయన లామా కాదు. ఈయనకి తరువాతి జన్మ నేనెక్కడ తెచ్చేది?"

"జాబితాలో ఉన్నారు కదండీ?"

"జాబితాలో ఉన్నవాళ్ళు వేరే మనుషులయ్యా!"

"వేరే మనుషులే ఉంటారండీ. జన్మ మారితే మనిషి మారడా?"

ఆవిడ ఫోన్ ఇంకో చెవికి మార్చింది. "ఆ చుక్క తీసెయ్యరాదూ?"

"అమ్మో, ఫారం కమిటీ పాస్ చేసిందండీ. నేను చెయ్యి పెడితే మాటొస్తుంది."

డైరెక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన తలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించాడు. "నేను వాడికి చెప్తే వాడు వాళ్ళక్కకి చెప్తాడు, వాళ్ళక్క నాకు చెప్తుంది. నా మాట విని ఏదో ఒకటి నింపెయ్యండి మేడమ్. కమిటీ కూర్చున్నప్పుడు చూద్దాం." కమిటీ ఏడాదికోసారి కూర్చుంటుంది. లేవడానికి మాత్రం తొందరపడుతుంది.

ఇంకొకరైతే జాబితాలో మొదటి పేరు నొక్కేసి ఇంటికి పోయేవాళ్ళు. కార్డులమ్మ కూడా ఒకసారి అలాగే చేసింది. చేసి, రాత్రంతా దొర్లింది. కోటు వేసుకున్న ఆ ముసలాయన్ని ముక్కూ మొహం తెలియనివాళ్ళింట్లో దిగబెట్టి వచ్చినట్టనిపించింది. పొద్దున్నే వచ్చి చెరిపేసింది. నింపక తప్పనప్పుడు ఒక పద్ధతిగా నింపాలని నిశ్చయించుకుంది. ఈ ప్రపంచంలో జరిగే పిచ్చి పనుల్లో సగం ఇలా పద్ధతిగా చేసేవాళ్ళ వల్లే జరుగుతాయి.

ఆవిడ పద్ధతి ఇదీ. పోయినాయన కార్డులన్నీ బల్ల మీద పరుస్తుంది. ఆ తర్వాత పుట్టినవాళ్ళ కార్డులు పక్కన పరుస్తుంది. ఇద్దరి బుద్ధులూ కలిసేదాకా చూస్తుంది. వ్యాకరణం రాసినాయన "రెండో సంపుటి త్వరలో" అని ముందుమాటలో రాసి, రెండోది రాయకుండానే పోయాడు. జాబితాలో ఒకామె మూడు పుస్తకాలకీ మొదటి సంపుటాలే తెచ్చింది. ఇంకేం, ఆవిడే ఈయన. ఇంకొకాయన ప్రతి ప్రచురణకర్తతోనూ తగాదా పడి ప్రతి పుస్తకం ఒక్కో ఊళ్ళో వేయించాడు. ఆయన పోయిన మరుసటి ఏడే పుట్టిన ఒకతను ఇప్పటికే ఇద్దరు ప్రచురణకర్తల మీద కోర్టుకెక్కాడు. దొరికిపోయాడు.

కార్డులతో తేలని చోట ఇళ్ళకి ఫోన్లు చేసింది. ఒకసారి కొండదారుల మీద పుస్తకం రాసి చాలాకాలం క్రితం పోయిన ఒక పరిశోధకుడి కూతురు ఎత్తింది. ఆమెకీ అరవై దాటుంటాయి.

"మీ నాన్నగారి అలవాట్లేమిటో కాస్త చెప్తారా?"

"ఎందుకండీ ఇప్పుడు?"

"ఏమీ లేదండీ, ఆయన తరువాతి జన్మ నింపాలి."

అవతల ఫోన్ బల్ల మీద పెట్టిన చప్పుడైంది. పెట్టేసిందేమో అనుకుంది కార్డులమ్మ.

"ఉండండి, కుర్చీ లాక్కుంటాను" అంది కూతురు.

తరవాత చెప్పింది. ఎవరైనా ప్రశ్న అడిగితే అప్పుడు నీళ్ళు నమిలి, వాళ్ళు వెళ్ళిపోయాక మెట్ల దాకా పరిగెత్తి జవాబు చెప్పేవాడట. ఇంటికి వేళకి ఏనాడూ రాలేదట. కార్డులమ్మ చెంపన చెయ్యి పెట్టుకుని విన్నది. అలాంటివాడు ఒకడు ఆవిడకి తెలుసు. సంస్థలోనే ముప్ఫై ఏళ్ళ కుర్ర పరిశోధకుడు. సెమినార్లో అడిగిన ప్రశ్నకి వారం తర్వాత వరండాలో పట్టుకుని జవాబు చెప్పే మొహమాటస్తుడు. నింపేసింది.

ఇలా ఏడాది గడిచింది. గ్రంథసూచిని పరీక్షకని పరిశోధకులకి తెరిచారు. తెరిచిన పూట ఎవడూ పుస్తకాలు వెతకలేదు. అందరూ తమ పేర్లే వెతుక్కున్నారు. వెతుక్కుంటే అడుగున చిన్న అక్షరాలతో, వీరు ఫలానావారి తరువాతి జన్మ అని ఉంది.

గగ్గోలు పుడుతుందని మీరూ అనుకుంటారు, కార్డులమ్మా అనుకుంది. ఆవిడ ఆ రోజు మంచినీళ్ళ సీసా కూడా బల్ల మీద పెట్టుకుని ధైర్యంగా కూర్చుంది. గగ్గోలు పుట్టింది, కానీ వేరే రకంగా. మొదటి సంపుటాలామె వ్యాసంలో "ఈ సంగతి నేనే లోగడ చెప్పి ఉన్నాను" అని రాసి, తను పుట్టకముందు అచ్చైన పుస్తకం పేజీ నంబరు ఇచ్చింది. ఒక లెక్చరరు సీనియారిటీలో గత జన్మ సర్వీసు కూడా కలపమని అర్జీ పెట్టుకున్నాడు. తన గత జన్మ పెద్దగా ఏమీ రాయలేదని ఇంకొకాయన అలిగి, మంచిది ఇంకేమైనా ఉందేమో చూడమని కార్డులమ్మకి కబురు పెట్టాడు.

భగ్గుమన్నది ఒక్క ఫుట్‌నోట్ గారే. నేలమాళిగ మెట్లు రెండేసి దిగి వచ్చాడు.

"ఎవరమ్మా నన్ను వాడి తరువాతి జన్మ అని రాసింది? వాడు! నేను జీవితమంతా తప్పు తప్పు అని రుజువు చేసినవాడు! తప్పు అని నేను మెత్తగా అంటున్నాను గానీ, నిజానికి..."

"కూర్చోండి సార్" అంది ఆవిడ. "ఆయన కార్డులూ మీ కార్డులూ పక్కపక్కన పెట్టి చూశానండీ. ఎదుటివాడు తప్పని చెప్పడానికి నాలుగొందల పేజీలు రాసింది మన సొరుగుల్లో ఇద్దరే ఇద్దరు. ఆయనొకరు, మీరొకరు. ఇంకెవరికీ అంత ఓపిక లేదు."

ఆయన నోరు తెరిచాడు. దానికింద చేర్చడానికి ఏమీ దొరక్క, జీవితంలో మొదటిసారి వాక్యం మధ్యలో లేచి వెళ్ళిపోయాడు.

ఆ నెలలోనే జరిగిన సెమినారుకి కొండదారులాయన కూతురు వచ్చింది. తండ్రి గడిలో ఎవరి పేరుందో కార్డులమ్మని ముందే అడిగి తెలుసుకుంది. నేరుగా మొహమాటస్తుడి దగ్గరికి నడిచింది. అతను ఆమె కంటే ముప్ఫై ఏళ్ళు చిన్న. చేతిలో టీ కప్పుతో గోడకి అతుక్కుపోయి నిలబడ్డాడు.

"నేను బళ్ళో నాటకంలో వేషం వేస్తే చూడటానికి వస్తానన్నావ్" అంది ఆమె. "ముందు వరసలో కుర్చీ పట్టి ఉంచాను. రాలేదు. ఎందుకు రాలేదు?"

నేను కాదండీ అనొచ్చు. అనాలి కూడా. ఆ మొహమాటస్తుడు ఆమె మొహంలోకి చూసి, కప్పు కిటికీలో పెట్టి, మెల్లిగా అన్నాడు. "తప్పైపోయింది తల్లీ. ఆ రోజు ప్రూఫులు వచ్చుంటాయి."

"అవును! ప్రూఫులే వచ్చాయి!" అని ఆమె భోరుమంది. చిన్నపిల్లలా ఏడ్చింది. అతను జేబురుమాలు ఇచ్చాడు. ఇదంతా చూసిన కార్డులమ్మకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తను చేసింది శుద్ధ తప్పు పని అని తెలుసు, ఆ తప్పుని ఇప్పుడు ఎవరైనా దిద్దితే ఊరుకోనని కూడా తెలుసు. అప్పట్నుంచీ అతను వారం వారం ఆమెకి ఫోన్ చేస్తున్నాడని తర్వాత తెలిసింది. చెప్పిన వేళకి ఎప్పుడూ చెయ్యడట, తండ్రి లాగే.

కమిటీ కూర్చుంది. ఎర్రచుక్క తీసెయ్యాలని ఫుట్‌నోట్ గారు పట్టుబట్టాడు. మిగతా సభ్యులు ఎవరి గత జన్మల్ని వాళ్ళు అప్పటికే విజిటింగు కార్డుల మీద వేయించుకున్నారు. చుక్క ఉండాల్సిందేనని తేల్చి, టీ తాగి లేచారు.

ఆ నెలాఖరుకే ఆవిడ రిటైరవుతుంది. ఆఖరి రోజుకి సొరుగులన్నీ ఖాళీ అయ్యాయి. బల్ల మీద ఒకే ఒక్క కార్డు మిగిలింది. తన చేత్తోనే రాసుకున్న కార్డు. కొత్త చీర కట్టుకుని వచ్చింది ఆవిడ, అంతమందిలో ఒక్కరికీ అది ఎందుకో తెలియదు.

పేరు కొట్టింది. వ్యాసం పేరు కొట్టింది. ఎనిమిది పేజీలు అని కొట్టి, వాటి ఫొటోలు జతచేసింది. పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం. జాబితా కిందికి దిగింది. అందులో ఒక్క పేరు కూడా లేదు. ఉండదు మరి. ఆయన పోయి నాలుగేళ్ళే అయింది. నాలుగేళ్ళవాడు ఎవడు టిబెట్ మీద పుస్తకం రాస్తాడు? ఈ ముక్క ఏడాదిగా ఆవిడకి తట్టనే లేదు. లోకంలో వాళ్ళందరికీ జన్మలు పంచిపెట్టిన చెయ్యి సొంత మనిషి దగ్గరికొచ్చేసరికి ఖాళీ అయిపోయింది.

సేవ్ నొక్కింది. ఎర్రగా వెలిగింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ వెలిగింది. సాయంత్రం ఐదింటికి ఆవిడ పాస్‌వర్డు ఆగిపోతుంది.

వీడ్కోలు కేకు ముక్క పట్టుకుని బావమరిది వచ్చాడు. సంగతి విని తల గోక్కున్నాడు. "దీనికంత బాధెందుకండీ? మావాణ్ణి ఎక్కించెయ్యండి. సరిగ్గా ఆ ఏడే పుట్టాడు. వాడు గీసిన గీతలేవో ఒక రచనగా చూపిద్దాం."

"మీవాడికి పుస్తకాలంటే ఇష్టమా?"

"ప్రాణమండీ. కనపడిందల్లా చింపేస్తాడు."

"చింపేవాడు బైండరెలా అవుతాడయ్యా!"

"పోయినసారి అతికించీ అతికించీ విసుగెత్తుంటుందండీ" అన్నాడు అతను, ఎగతాళి ఏమాత్రం లేకుండా.

ఆవిడ నవ్వబోయింది. నవ్వు రాలేదు. ఆ ఇంటికి వెళ్తే ఎలా ఉంటుందో కళ్ళకి కట్టింది. ఆయన ఇంకెవరి ఒళ్ళోనో నాలుగేళ్ళ పిల్లాడై కూర్చుని, తనని చూసి, ఎవరీ ముసలమ్మ అని మొహం తిప్పుకుంటాడు. ఊరందరికీ తరువాతి జన్మ రాసింది కదా, ఈయనకి రాయడానికి తనకి ఇష్టం లేదని అప్పుడు తెలిసింది. జాబితాలో వెయ్యి పేర్లున్నా రాసేది కాదు.

"నువ్వు పద బాబూ, వస్తాను" అంది.

అతను వెళ్ళాక ఆడపడుచుకి ఫోన్ చేసింది. విషయం చెప్పింది.

"మా అన్నయ్య ఇంకో జన్మ ఎత్తాడా? ఎత్తుంటే నాకు చెప్పకుండా ఎత్తుతాడా?" అని కేకేసింది ఆడపడుచు. ఆ కేక ఫోన్ లోంచి నేలమాళిగంతా వినపడింది. "ఆ పక్క బొత్తాం ఏమిటి?"

"ఇంకా ఉన్నారు అని."

"నొక్కు!"

"అబద్ధం కదే తల్లీ."

అవతల డ్రిల్లు టీచరు మొదటిసారిగా మామూలు గొంతుతో మాట్లాడింది. "ఇప్పటికీ ఆ జిగురు గిన్నె నువ్వు పారెయ్యలేదు వదినా. అన్నయ్య చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి. పోయాడని నువ్వెప్పుడు ఒప్పుకున్నావ్ గనక?"

ఆవిడ ఫోన్ పెట్టేసింది. కిటికీలోంచి ఎవరివో పాదాలు ఇంటికి పోతున్నాయి. పోయిన సంవత్సరం చెరిపేసింది. ఇంకా ఉన్నారు అన్నది నొక్కింది. ఎర్రచుక్క ఆరిపోయింది. ఆవిడ ఉద్యోగం మొత్తంలో తెలిసి తెలిసి చెరిపిన నిజం అదొక్కటే. కేకు తినకుండానే ఇంటికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఇద్దరు ఆడవాళ్ళూ ఇంట్లో కాలక్షేపం చేశారు. ఒకరు అరుస్తుంటారు, ఇంకొకరు సర్దుతుంటారు. బతికున్న రచయితలందరికీ ఏడాదికోసారి ఉత్తరం వెళ్ళేలా బావమరిది ఏర్పాటు చేశాడు. బైండరుకి ఈమెయిల్ లేదు కాబట్టి ఆఖరి రోజు ఫారంలో ఆవిడ తనదే ఇచ్చి వచ్చింది. ఏడాది తిరిగేసరికి ఆయన పేరు మీద వచ్చింది. "గౌరవనీయులైన రచయిత గారికి, మీరు ఇంకా ఉన్నారా? ఉంటే ఇక్కడ నొక్కండి. ఈమధ్య ఏమైనా రాశారా?"

"రాయలేదని చెప్పు. బద్ధకమని చెప్పు" అంది ఆడపడుచు.

ఆవిడ ఉన్నాను అని నొక్కింది. మరుసటి ఏడూ నొక్కింది. ఆ పైయేడు అనుకున్న రోజుకి ఉత్తరం రాకపోతే, గ్యాసు సిలిండరు రానట్టు ఇద్దరూ కంగారు పడ్డారు. మర్నాడు వచ్చింది.

ఒక ఉదయం ఇంకో ఉత్తరం వచ్చింది. నొక్కడానికి బొత్తాం లేదు. గ్రంథసూచిలో బతికున్నవాళ్ళ పేర్ల పక్కనే "రచయితకి రాయండి" అని ఒకటుంటుంది, పోయినవాళ్ళకి ఉండదు. దాని ద్వారా వచ్చింది. రాసినామె ఎక్కడో చలిదేశంలో పాత పుస్తకాలు బాగుచేసే పని చేస్తుందట. వెతుకుతుంటే మీ వ్యాసం దొరికింది, అంది. రెండుసార్లు చదివాను, ఇన్నాళ్ళూ ఎలా చూడలేదా అనుకున్నాను, అంది. ఏడో పేజీలో మీరు చెప్పిన జిగురు ఎంత పలచగా కలపాలి, మిమ్మల్ని ఒక్క మాట అడగొచ్చా, అంది.

కార్డులమ్మ లేచింది. వంటింట్లోకి వెళ్ళింది. పై అరలో, నల్లగా మాడిన అడుగుతో, ఆ గిన్నె ఉంది. ఆయన ఇంట్లో జిగురు కాచి పాడుచేసిన గిన్నె. దాన్ని దించి రెండు చేతులతో పట్టుకుంది.

"ఏమండీ" అంది. మళ్ళీ అంది. "ఏమండీ, అడిగారు."

"ఎవరితో వదినా మాటలు?" అని ముందు గదిలోంచి ఆడపడుచు అరిచింది.

"మీ అన్నయ్యతో."

"ఏమంటాడు?"

ఆవిడ చీర కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఏమడిగారో ఇంకోసారి చదవమంటున్నారు" అంది.